పాత ప్యానెల్‌కు సరిపోయే సెల్

ఫిబ్రవరి 3

స్విమ్మింగ్ పూల్ కమిటీ తేల్చేసింది. ఇకమీదట పంపు రూములో క్లోరిన్ డ్రమ్ము కనపడకూడదట. ఉప్పునీటి యంత్రం పెట్టాలట. పూల్ నీళ్లలో కాస్త ఉప్పు కలిపితే చాలు, ఆ నీళ్లు గొట్టంలో అమర్చిన సెల్ గుండా పోతున్నప్పుడు లోపలి పలకలు కరెంటుతో క్లోరిన్‌ను అక్కడికక్కడే పుట్టిస్తాయి. డ్రమ్ములు మొయ్యక్కర్లేదు, ఒలకబొయ్యక్కర్లేదు. ఎవరి ఊపిరితిత్తులూ కాలవు.

ఏ కంపెనీ సెల్ కొనాలో, ఏది పంపులు నడిపే మన ఆటోమేషన్ ప్యానెల్‌తో కలిసి పనిచేస్తుందో చూసి నెలాఖరులోగా రాసిమ్మని మేనేజరు నా నెత్తిన పెట్టాడు. పాతికేళ్లుగా ఈ నీళ్లు చూస్తున్నవాణ్ణి నేనే కదా, ఇంకెవరి నెత్తిన పెడతాడు. "నువ్వేది అంటే అదే. ఆ రోజు ఆ గ్యాసులోకి రెండోసారి కూడా వెళ్లినవాడివి" అన్నాడు. నాకిచ్చిన ప్రశంసాపత్రం నకలు ఆయన గదిలో ఫ్రేము కట్టించి పెట్టుకున్నాడు. అసలుది నా బీరువాలో బట్టల కింద ఉంది.

మాట్లాడటానికి మనిషి లేక రాస్తున్నాను. మా ఆవిడ బతికున్నన్నాళ్లూ నాకు డైరీ అవసరం రాలేదు.

ఫిబ్రవరి 4

తమ్ముణ్ణి చూసొచ్చాను. ప్రమాదం జరిగి ఆరు వారాలు.

వాళ్లుండే రెండో అంతస్తుకు ఎక్కడానికి నేనే ఒకచోట ఆగుతున్నాను. వాడు ఆస్పత్రి నుంచి వచ్చాక ఆ మెట్లు దిగనే లేదు. కిటికీ దగ్గర కుర్చీ, పక్కన ఆక్సిజన్ యంత్రం, ముక్కుకు గొట్టం. ఒకప్పుడు ఒక్క ఊపిరితో పూల్ ఆ చివరికీ ఈ చివరికీ నీళ్లడుగున పోయి వచ్చేవాడు. పొద్దున వ్యాయామానికొచ్చే పెద్దావిడలు వాడికి చేప అని పేరు పెట్టారు. ఇప్పుడు "అన్నయ్యా, కూర్చో" అనే రెండు మాటల మధ్య కూడా ఆగుతున్నాడు.

మరదలు క్యారియర్ చేతికిచ్చింది. మా ఆవిడ పోయిన దగ్గర్నుంచీ, నాలుగేళ్లుగా, నా రాత్రి భోజనం వాళ్లింటి నుంచే. ఇంత జరిగినా ఒక్క పూట మానలేదు. మీరు బాగా చిక్కిపోయారు బావగారూ, దిగులు పెట్టుకోకండి అని నాకే ధైర్యం చెప్పింది. ఉప్పు తగ్గించమ్మా, బీపీ ఉందన్నాను. ఏం మాట దొరికిందో చూడు నాకు.

ఫిబ్రవరి 5

విచారణ కాగితం నకలు చేతికొచ్చింది. ఫిల్టరు కడగడానికి పెద్ద పంపు ఆపేముందు ఆపరేటరు మందులు వదిలే డోసింగ్ పంపులు ఆపలేదట. పారకుండా నిలిచిపోయిన నీళ్లలోకి ఒకవైపు నుంచి క్లోరిన్, ఇంకోవైపు నుంచి యాసిడ్ దిగుతూనే ఉండి గొట్టంలో కలిసిపోయాయట. పంపు మళ్లీ వెయ్యగానే గ్యాసు పొంగింది. పూల్‌లో ఉన్న ఆరుగురు పెద్దావిడలు దగ్గుకుంటూ బయటపడ్డారు. పంపు రూములో ఉన్న ఆపరేటరు పడిపోయాడు. ఆపరేటరంటే మా తమ్ముడే.

"నిర్లక్ష్యం" అని రాసి కింద గీత కూడా గీశారు. మార్చి ఇరవైన కమిటీ కూర్చుంటుంది. ఆ ముద్రతో తీసేస్తే వాణ్ణి ఇంకే పూల్‌లోనూ గేటు కూడా దాటనివ్వరు. ఉద్యోగం కింద జరుగుతున్న వైద్యం కూడా ఆ రోజుతో సరి.

డోసింగ్ పంపులు ముందు ఆపాలి. గోడ మీద బోర్డు ఉంది. రూల్ అదే.

ఫిబ్రవరి 6

రూల్ అదే.

ఫిబ్రవరి 9

ఒక కంపెనీ సేల్స్‌మన్ వచ్చాడు. సంచీ నిండా కేటలాగులు. నీళ్లను ఎప్పుడూ గ్లాసులో తప్ప చూసిన మనిషిలా లేడు. మా సెల్ అద్భుతం సార్, ఫోన్లోంచి నడపొచ్చు సార్ అని గంటసేపు దంచాడు. మా ప్యానెల్‌తో కలుస్తుందా అని అడిగాను. మా సెల్ మా ప్యానెల్‌తోనే మాట్లాడుతుంది సార్ అన్నాడు. మరి పక్కవాళ్ల ప్యానెల్‌తోనో అంటే నవ్వి ఊరుకున్నాడు. మూగనోము అన్నమాట.

అంటే వాళ్ల సెల్ కొంటే మా ప్యానెల్ పీకేసి వాళ్లదే పెట్టుకోవాలి. గుండీ నచ్చిందని చొక్కా కొన్నట్టు. ఇది కుదిరే బేరం కాదని కేటలాగు మీద రాసి పక్కన పెట్టాను.

ఫిబ్రవరి 11

పాత ప్యానెల్ కంపెనీ ఇంజనీరమ్మ వచ్చింది. నలభై దాటి ఉంటాయి. జేబులో స్క్రూడ్రైవరు, నోట్లో తూకం వేసిన మాట. ప్యానెల్ తలుపు తీసి, టార్చి వేసి చూసి, ఇది ఇంకో పదేళ్లు ఢోకా లేకుండా పనిచేస్తుంది, ఎందుకు మారుస్తారంది. వాళ్ల దగ్గర దీనికి సరిపోయే సెల్ ఉందట. రెండు తీగలు కలిపి, ప్యానెల్‌కు సెల్ పేరు చెబితే చాలట. నీళ్లలో క్లోరిన్ తగ్గిందని ప్రోబు చెబితే ప్యానెల్ సెల్‌ను వేస్తుంది, సరిపోయిందంటే ఆపుతుంది. పంపు ఆగితే సెల్ కూడా ఆగుతుంది. ఖర్చు ఆ సేల్స్‌మన్ చెప్పినదాంట్లో సగం లేదు. ఇంక చూసేదేముంది, ఇదే రాసిచ్చేద్దాం అనుకున్నాను.

అప్పుడంది ఆ మాట. "కొత్త సెల్ కలిపేటప్పుడు ల్యాప్‌టాప్ తగిలించి మెమరీ మొత్తం దించుకుంటామండీ. ఎవరు ఏ కోడ్ కొట్టి ఏం మార్చారో తొమ్మిదేళ్లదీ ఉంటుంది. స్క్రీన్ మీద మీకు కనిపించేవి ఆఖరి యాభై మాత్రమే. కాపీ ఒకటి మీ మేనేజరుగారికి కూడా ఇస్తాం."

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, అవన్నీ ఇప్పుడెందుకండీ అని అడిగేశాను. ఆమె నా ముఖంలోకి ఒక్క క్షణం చూసింది. ఎందుకేముందండీ, పద్ధతి అంతే, ప్యానెల్ మార్చేస్తే మాత్రం అన్నీ దాంతోపాటే పోతాయంది. టీ తాగకుండా వెళ్లిపోయింది.

కేటలాగు మీద రాసిన ముక్క కొట్టేశాను.

ఫిబ్రవరి 12

రాసేస్తాను. రాస్తే లోపల కొంచెం తగ్గుతుందేమో.

నీళ్లు పారడం ఆగితే డోసింగ్ పంపులు వాటంతటవే ఆగిపోవాలి. దానికి ప్యానెల్‌లో ఒక కాపలా ఉంది, ఫ్లో లాక్ అంటాం. గొట్టంలో చిన్న రెక్క ఉంటుంది, నీళ్లు తోస్తే వంగుతుంది, తొయ్యకపోతే లేస్తుంది. డిసెంబరులో ఆ రెక్క బిగుసుకుపోయింది. నీళ్లు పారుతున్నా పారడం లేదని రోజుకు పదిసార్లు కూత. కూసినప్పుడల్లా డోసింగ్ ఆగిపోయేది, నీళ్లు మసకబారేవి, మేనేజరు ఫోను మోగేది. కొత్త రెక్కకు రెండు వారాలు పడుతుందన్నారు. డిసెంబరు పదహారున నా కోడ్ కొట్టి, సర్వీసు మెనూలోకి పోయి, ఫ్లో లాక్‌ను బైపాస్‌లో పెట్టాను, అంటే ఆ కాపలా తీసేశాను. కూత ఆగింది. మా పనిలో అందరూ చేసేదే. కాకపోతే చేసినవాడు ప్యానెల్ తలుపుకు ఎర్ర టేపు అంటించాలి, తోటివాడికి నోటితో చెప్పాలి. టేపు అయిపోయింది, తెద్దామనుకున్నాను. తమ్ముడు ఆ రోజు సెలవు, రేపు చెబుదామనుకున్నాను. మర్నాడు వాడు ఏదో జోకు వేస్తూ వచ్చాడు. ఆ నవ్వుల్లో పోయింది.

ఫిల్టరు కడిగేముందు డోసింగ్ పంపులు చేత్తో ఆపిన పాపాన ఈ తొమ్మిదేళ్లలో మేమిద్దరం ఎప్పుడూ పోలేదు. లాక్ ఆపుతుంది కదా. గోడ మీది బోర్డు తనిఖీకి వచ్చేవాళ్లకోసం. పదహారేళ్ల కిందట వాడు పనిలో చేరినప్పుడు అన్నీ చేత్తోనే ఆపేవాళ్లం. ప్యానెల్ వచ్చాక, ఇంక ఆ చాదస్తం వద్దురా, డబ్బా చూసుకుంటుంది అని చెప్పినవాణ్ణి నేనే.

పది రోజుల తరువాత పొద్దున ఏడింటికి వాడు ఎప్పట్లాగే ఫిల్టరు కడిగాడు.

వాసన తగలగానే పరుగెత్తాను. క్లోరిన్ వాల్వు కట్టేసి, వాణ్ణి చంకల కింద పట్టుకుని బయటికి లాగాను. అది నిజం. ముక్కుకు తడిగుడ్డ కట్టుకుని మళ్లీ లోపలికి వెళ్లాను. అదీ నిజమే. వాల్వు కట్టడానికి రెండోసారి ప్రాణాలకు తెగించి వెళ్లాడని అందరూ అన్నారు. వాల్వు అప్పటికే కట్టేసి ఉంది. నేను వెళ్లింది ప్యానెల్ దగ్గరికి. కోడ్ కొట్టి బైపాస్ తీసేశాను. కళ్లు మండి అంకెలు కనపడక రెండుసార్లు తప్పు కొట్టాను. బయట నేల మీద మా తమ్ముడు ఎగశ్వాసతో కొట్టుకుంటున్నాడు. లోపల నేను అంకెలు నొక్కుతున్నాను.

దానికి ప్రశంసాపత్రం ఇచ్చారు.

ఫిబ్రవరి 13

తగ్గలేదు.

ఫిబ్రవరి 15

తమ్ముడు ఆ ఆరుగురి గురించి ఒక్కొక్కరిగా అడిగాడు. నీలం టోపీ పెద్దావిడకు దగ్గు తగ్గిందా, మోకాళ్ల నొప్పుల ఆవిడ మళ్లీ వస్తుందా అని. నీలం టోపీ ఆవిడకు ఇంకా తగ్గలేదు. తగ్గిందని చెప్పాను.

ముక్కు గొట్టం సర్దుకుని అన్నాడు. "నాకా పొద్దున ఏం చేశానో గుర్తే రావడం లేదు అన్నయ్యా. లాక్ ఆపాలి కదా. ఆపలేదంటే... నేనే ఏదో చేసుంటాను. ఏదో నొక్కి ఉంటాను."

నోటిదాకా వచ్చింది. మరదలు మందులు పట్టుకుని వచ్చింది, అక్కడితో ఆగిపోయింది. ఆమె రాకపోయినా ఆగేదే అనుకుంటాను. అయిందేదో అయింది, మనసుకు పట్టించుకోకు అన్నాను. మింగలేక కక్కలేక లేచి వచ్చేశాను. వస్తుంటే మరదలు గుమ్మం దాకా వచ్చి, తాను బట్టల కొట్లో చేరానని చెప్పింది. పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం ఏడు దాకా నిలబడే ఉండాలట, కూర్చుంటే యజమాని ఊరుకోడట. ఆయన గురించి రాత్రుళ్లు ఒకటే బెంగ బావగారూ, ఆరు ప్రాణాలు తీసేవాణ్ణే అని నిద్రలో కూడా అంటున్నారంది.

క్యారియర్ ఇచ్చింది. తిన్నాను. తిన్నింటి వాసాలు లెక్కపెట్టేవాడని ఎవరెవరినో అన్నాను ఈ బతుకులో.

ఫిబ్రవరి 17

రెండు సెల్‌లూ పక్కపక్కన పెట్టి రిపోర్టు మొదలుపెట్టాను. ఉప్పు రెండింటికీ ఒకటే, లీటరుకు మూడున్నర గ్రాములు. పలకల ఆయుష్షు రెండింటికీ పదివేల గంటలు. సున్నం పేరుకోకుండా కరెంటు దిశ మార్చుకునే ఏర్పాటు రెండింట్లోనూ ఉంది. మా పూల్‌కు కావలసినంత క్లోరిన్ రెండూ ఇస్తాయి. తేడా ఒక్కటే. ఒకటి మా ప్యానెల్‌కు సరిపోతుంది, ఇంకొకటి సరిపోదు. పసిపిల్లాణ్ణి అడిగినా ఏది కొనాలో చెబుతాడు.

సరిపోయేదాన్ని వద్దనడానికి కారణాలు వెతుకుతున్నాను. వెతికితే దొరకనిదేముంది. పాత ప్యానెల్ విడిభాగాలు మున్ముందు దొరక్కపోవచ్చు. పాత బోర్డుకు తేమ తగిలి ఉండవచ్చు. గ్యాసు వల్ల లోపలి తీగలు తుప్పు పట్టి ఉండవచ్చు. ఈ చివరిది నిజం కూడా కావచ్చు. వచ్చు అనే మాట నాకు బాగా పనికొచ్చింది.

అయినా కొత్త ప్యానెల్ మంచిదే. రేపు ఇంకెవరికో ప్రమాదం రాకుండా ఉంటుంది. నేను ఆలోచిస్తున్నది అదే.

ఫిబ్రవరి 18

రేపు మేనేజరుకు చెప్పేస్తాను.

ఫిబ్రవరి 19

మేనేజరు రాలేదు.

ఫిబ్రవరి 20

వచ్చాడు. గదిలో ఎవరో ఉన్నారు.

ఫిబ్రవరి 21

గదిలో ఎవరూ లేరు.

ఫిబ్రవరి 25

రిపోర్టు ఇచ్చాను. సరిపోని సెల్, దాంతోపాటు కొత్త ప్యానెల్. మేనేజరు ఖర్చు చూసి నొసలు చిట్లించాడు. ప్రాణాలతో బేరమాడతారా అని అడిగాను. ఆయన ఆ మాటను ఇంకోలా అర్థం చేసుకుని, లేచి వచ్చి నా భుజం మీద చెయ్యి వేసి, అక్కడికక్కడే సంతకం పెట్టాడు. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగుతుందంటారు. నేను కళ్లు తెరుచుకునే తాగాను.

సాయంత్రం ఇంజనీరమ్మ ఫోను చేసింది. మా సెల్‌లో ఏం లోపం కనిపించిందండీ, చెబితే సరిచేసుకుంటాం అంది. ఏమీ లేదమ్మా, కమిటీ నిర్ణయం అన్నాను. సరేనండీ అని పెట్టేసింది.

మార్చి 3

పాత ప్యానెల్ విప్పారు. తొమ్మిదేళ్ల దుమ్ము, నాలుగు బల్లిగుడ్లు, తమ్ముడు పెన్సిలుతో తలుపు లోపల రాసుకున్న ఫోను నంబర్లు. గోడ మీద అది ఉన్న మేర తెల్లగా మిగిలింది. పాత సామాను లారీ వచ్చి పట్టుకుపోయింది. లారీ గేటు దాటేదాకా నిలబడి చూశాను. అరిస్తే ఆగేంత దూరంలోనే ఉంది చాలాసేపు.

ఇంటికొచ్చి ఒళ్లు రుద్దుకుని స్నానం చేశాను. హాయిగా ఉందని రాద్దామనుకున్నాను.

మార్చి 8

కొత్త సెల్ పనిచేస్తోంది. నీళ్లు అద్దంలా ఉన్నాయి, కళ్లు మండటం లేదట. ఆరుగురిలో ఐదుగురు మళ్లీ వచ్చారు. నీలం టోపీ ఆవిడ రాలేదు. మోకాళ్ల ఆవిడ నన్ను పక్కకు పిలిచి, మీ తమ్ముడి మీద మాకెవరికీ కోపం లేదు నాయనా, మనిషన్నాక పొరపాటు జరుగుతుంది, ఆ మాట అతనికి చెప్పు అంది. చెబుతానన్నాను.

చెప్పలేదు.

మార్చి 11

ఈ పేజీ రాయడానికి మూడుసార్లు పెన్ను పట్టుకుని పెట్టేశాను.

కమిటీ ముందు పెట్టడానికి తమ్ముడు తన వాంగ్మూలం రాసివ్వాలట. తప్పు ఒప్పుకుంటే కాస్త కనికరించవచ్చని మేనేజరు మరదలికి చెప్పి పంపాడు. వాడికి నాలుగు అక్షరాలు రాసేసరికి చెయ్యి వణుకుతోంది, ఆయాసం వస్తోంది. మరదలి చదువు అంతంతమాత్రం. కాగితం, పెన్ను నా ముందు పెట్టారు. మీరైతే ఆ పంపుల సంగతి సరిగ్గా రాస్తారు బావగారూ అంది మరదలు.

రాశాను. నా చేత్తో నేనే రాశాను. "డిసెంబరు ఇరవై ఆరున నేను డోసింగ్ పంపులు ఆపకుండా ఫిల్టరు కడగడం మొదలుపెట్టాను. ప్రమాదానికి పూర్తి బాధ్యత నాది. ఆరుగురు పెద్దవారికి నా వల్ల కలిగిన బాధకు క్షమించమని వేడుకుంటున్నాను." వాడు మధ్యలో ఆపి, వేడుకుంటున్నానని చాలదు, జీవితాంతం మరిచిపోనని కూడా రాయమన్నాడు. అదీ రాశాను. మొత్తం చదివి వినిపించాను. కళ్లు తుడుచుకుని సంతకం పెట్టాడు.

"నా మనసులో ఉన్నది ఉన్నట్టు రాశావు అన్నయ్యా" అన్నాడు.

ఎవరి మనసులో ఉన్నది రాశానో వాడికి తెలీదు.

మార్చి 13

చెప్పేశాను.

మేనేజరు గదిలోకి వెళ్లి, కూర్చోకుండా, బైపాస్ పెట్టింది నేను, తీసింది నేను, రెండోసారి లోపలికి వెళ్లింది అందుకే అని చెప్పేశాను. ఆయన తలుపు వేసి వచ్చి, నీళ్లిచ్చి, చాలాసేపు నా వంక జాలిగా చూశాడు. తమ్ముడి మీద ప్రేమ నాకు అర్థమవుతుందన్నాడు. ఉద్యోగం పోయే మనిషి కోసం రిటైరయ్యే మనిషి తప్పు మీద వేసుకోవడం తాను ఇంతకుముందు కూడా చూశానన్నాడు. సాక్ష్యం ఏదీ అన్నాడు. ప్యానెల్లో ఉందన్నాను. ఆ ప్యానెల్ ఏదీ అన్నాడు.

ఇంజనీరమ్మకు ఫోను చేశాను. మెమరీ ఆ బోర్డులోనే ఉంటుందండీ, వేరే ఎక్కడా ఉండదంది. ఆ రోజు మీరడిగినప్పుడే నాకు అనుమానం వచ్చింది, కానీ అనుమానానికి కాగితం ఉండదు కదా అంది. తిట్టలేదు. తిడితే బాగుండేది.

పాత సామాను కొట్టుకు పరుగెత్తాను. బోర్డులన్నీ ఎప్పుడో గోతాల్లోకెత్తి కరిగించడానికి పంపేశారట. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే. కాకపోతే కాలింది నా చేతులు కాదు.

మార్చి 14

తమ్ముడికి చెప్పాను. మరదలు కూడా అక్కడే ఉంది. డిసెంబరు పదహారు నుంచి వరసగా, ఒక్క ముక్క వదలకుండా చెప్పాను.

వాడు మొదట నవ్వాడు. నవ్వు దగ్గయింది, దగ్గు తగ్గడానికి చాలాసేపు పట్టింది. బైపాస్ పెడితే నాకు చెప్పకుండా ఉంటావా, పదహారేళ్లలో ఒక్కసారైనా చెప్పకుండా ఉన్నావా అన్నాడు. ఆ ఒక్కసారీ ఉన్నానన్నాను. నీకు అబద్ధం ఆడటం చేతకాదులే అన్నాడు. రెండోసారి లోపలికెళ్లింది వాల్వు కోసం కాదురా, నేను పెట్టిన బైపాస్ తీసెయ్యడానికి అన్నాను. అప్పుడు నవ్వు పోయింది. కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. ముక్కముక్కకీ ఆగుతూ మాట్లాడాడు.

"నా ఊపిరి పోయింది, పోనీ. ఉద్యోగం పోతుంది, పోనీ. గ్యాసులో పడున్నప్పుడు మా అన్నయ్య వచ్చాడు, మళ్లీ కూడా వచ్చాడు అన్నదొక్కటే మిగిలింది నాకు. అది కూడా తీసేసుకోకు అన్నయ్యా."

మరదలు కొంగుతో ముఖం దాచుకుంది. మీలాంటి అన్న ఎవరికి ఉంటారు బావగారూ, ఆయన తప్పు మీరు మోస్తానంటున్నారు అంది. క్యారియర్‌లో ఇవాళ ఒక గిన్నె ఎక్కువ పెట్టింది.

మార్చి 15

నిద్ర పట్టింది. డిసెంబరు తరువాత ఇదే మొదటిసారి, తెల్లారేదాకా మెలకువ రాలేదు. చెప్పాల్సింది చెప్పాను. నమ్మకపోతే నేనేం చెయ్యను. వాడే వద్దంటున్నాడు. వాడి మనశ్శాంతి కూడా చూడాలి కదా. బలవంతంగా నిజం మింగించడం కూడా ఒక రకం పాపమే.

పొద్దున్నే ఈల వేసుకుంటూ పంపు రూములోకి వెళ్లాను.

మార్చి 16

నిన్న రాసింది ఇప్పుడు చదివాను. ఛీ.

మార్చి 18

వాంగ్మూలం కమిటీ సభ్యులందరికీ నకళ్లు వెళ్లాయి. మేనేజరు నాకూ ఒకటి ఇచ్చాడు. చేతిరాత నాదని గుర్తుపట్టి, అన్నగారి మనసు వెన్న అన్నాడు పక్కవాళ్లతో. అందరూ నన్ను చూసి తల ఊపారు.

ఎవరికి చెప్పినా ఇంకాస్త మంచివాణ్ణవుతున్నాను. ఇలాగే ఇంకో నాలుగుచోట్ల చెబితే దేవుణ్ణి చేసి కూర్చోబెడతారు. తమ్ముడు మాత్రం ఎల్లుండి నుంచి నిర్లక్ష్యం మనిషి. జీవితాంతం మరిచిపోనని నాచేత రాయించాడు. వాడు మరిచిపోడు కూడా. ఆ కిటికీ దగ్గర కూర్చుని, చెయ్యని తప్పును రోజూ నెమరేసుకుంటూనే పోతాడు. వాడికి అన్నయ్య మిగలాలా, వాడికి వాడు మిగలాలా. ఇంతకాలం ఈ లెక్క నాకు అనుకూలంగానే తేల్చుకుంటూ వచ్చాను.

బోర్డు కరిగిపోయింది. ఫిబ్రవరి పన్నెండున ఈ డైరీలో నేను రాసింది కరగలేదు. అప్పటికి ప్యానెల్ గోడకే ఉంది, తమ్ముడి మీద ప్రేమతో కథ అల్లాల్సిన పని నాకు లేదు. తారీఖుంది, కోడ్ కొట్టిన సంగతుంది, ఎందుకు సరిపోని సెల్ కొనిపించానో ఆ తరువాతి పేజీల్లో ఉంది. చదివినవాడెవడూ నన్ను మంచివాడని అనలేడు.

మార్చి 19

రేపు కమిటీ.

తమ్ముడు వద్దన్నాడు కాబట్టి ఈ డైరీ వాడి చేతికివ్వను. మరదలికిస్తాను. మెల్లగా కూడబలుక్కుంటూ చదువుతుంది, కానీ చదువుతుంది. మొదటినుంచి చదువుతుందో, మధ్యలో విసిరికొడుతుందో ఆమె ఇష్టం. కమిటీకిస్తుందో, పొయ్యిలో పెడుతుందో, అదీ ఆమె ఇష్టం. నిలబడి నిలబడి కాళ్లు వాచిపోతున్న మనిషి ఆమె. ఎందుకు నిలబడుతోందో తెలుసుకునే హక్కు ముందు ఆమెదే. ప్రతి పేజీ కిందా సంతకం పెట్టాను. మార్చి పదిహేను పేజీ కింద పెట్టడానికి అన్నిటికన్నా ఎక్కువ సేపు పట్టింది.

ఈ నాలుగు ముక్కలూ వాళ్ల తలుపు బయట, మెట్టు మీద కూర్చుని రాస్తున్నాను. మరదలు కొట్టు నుంచి వచ్చేసింది, గిన్నెల చప్పుడు వినిపిస్తోంది. లోపల తమ్ముడు దగ్గుతున్నాడు. దగ్గు ఆగాక తలుపు కొడదామని కూర్చున్నాను. పావుగంట అయింది. ఆగడం లేదు.

కొడుతున్నాను.